కరిచిన రోజు సున్నా

ఈ వేసవిలో మా పసుపు మార్కెట్ కాంటా గది ముందు ఎవరో ఒక అల్యూమినియం గిన్నె పెట్టారు. మధ్యాహ్నం తూకం ఆగిన వేళకు ఒక వీధికుక్క వచ్చి అందులో నీళ్ళు తాగుతుంది. నాలుక నీళ్ళకు తగిలే ఆ చప్పుడు వినగానే నా చేతిలో కలం ఆగిపోతుంది. నాకు తెలియకుండానే లెక్క మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు... ఇరవై దాటాక ఊపిరి వదులుతాను. హమాలీలు నవ్వుతారు. "కుక్క గుటకలు గూడ కాంటా వెడుతున్నవా నర్సన్నా?" అంటారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. జవాబు చెప్పాలంటే మస్తాన్ భాయ్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. బస్తాల మధ్య నిలబడి చెప్పే సంగతి కాదది.

నేను దుబాయ్ పోయింది రెండువేల రెండులో. మా ఊళ్ళో అందరూ దుబాయ్ అనే అంటారు గానీ నేను పనిచేసింది అబుదాబి పడమటి తీరంలోని రువైస్ నుంచి బోటులో గంటంపావు దూరంలో ఉన్న ఒక చిన్న దీవిలో. కంపెనీ ఉద్యోగుల ఇళ్ళు ఒకవైపు, మా కూలీల క్యాంపు ఒకవైపు, మధ్యలో ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు, చివర పడవలు ఆగే జెట్టీ. అంతే దీవి. చుట్టూ నడిస్తే పదకొండువేల చిల్లర అడుగులు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. పాత పుస్తకాలు చూసి, తప్పులు చేసి, మళ్ళీ చేసి. రెండేళ్ళు పార పట్టాక అది ఎవరి కంటనో పడి నన్ను హాజరు రాసే పనిలో పెట్టారు. రెండువందల పన్నెండు మంది. ఏ పొద్దున ఎవరు పనికి ఎక్కలేదో జాబితా చూడకుండా చెప్పేవాణ్ణి. నా లెక్క తప్పదని క్యాంపంతా అనుకునేది. నేనూ అనుకునేవాణ్ణి.

బదిలీ అయిన కుటుంబాలు వెళ్తూ వెళ్తూ పిల్లుల్నీ కుక్కల్నీ వదిలేసి పోయేవి. చేపల పడవల మీద ఎక్కి వచ్చేవి కొన్ని. ప్లాంటు వెనక రెండు పాత పోర్టాకాబిన్ రేకు గదుల్లో వాటికోసం ఒక షెల్టర్ ఉండేది. అధికారుల ఇళ్ళ ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి నడిపేవాళ్ళు. సంఘంలో జీతానికి ఉన్న మనిషి ఒక్కడే, మస్తాన్ భాయ్. నెల్లూరు జిల్లావాడు. ఉదయగిరి వైపు పశువుల ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు అటెండరుగా చేసి వచ్చాడు. యాభై దాటిన పొట్టి మనిషి. జంతువుల దగ్గర ఎంత మెల్లగా మాట్లాడేవాడో మనుషుల దగ్గర అంత గట్టిగా మాట్లాడేవాడు. ఒక శుక్రవారం మా గది గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"హాజరు రాసే నరసయ్య ఎవురబ్బా?"

"నేనే భాయ్."

"రెండొందల మందిని లెక్కబెడతావంట గదా. నలభై పిల్లుల్ని లెక్కబెట్టి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా."

నెలకోసారి అబుదాబి నుంచి సూడాన్ దేశపు పశువుల డాక్టరు ఒకాయన బోటులో వచ్చి పిల్లులకూ కుక్కలకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేవాడు. దీవిలో ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే ఆయన అన్నింటికి సరిపడా మందు తెచ్చుకోగలడు. నేను మూడు రోజులు తిండి గిన్నెల దగ్గర నిలబడ్డాను. ముప్పై ఎనిమిది, నలభై ఐదు, నలభై ఒకటి వచ్చాయి. సగటు తీసి నలభై ఒకటి అని రాసిచ్చాను. మస్తాన్ భాయ్ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"సగటు పిల్లి ఎట్టుంటాదో నాకొకసారి చూపిస్తావా అబ్బయ్యా?"

నాకు మొహం మాడిపోయింది. ఆయన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఎన్ని వచ్చినయో ఎవుడైనా చెప్తాడు. నిన్న వచ్చి ఇయ్యాల రానిది ఏదో చెప్పు. మనం ఉండేది దానికోసరం." ఆ తర్వాతి వారం, తెల్ల పాదాల బూడిదరంగు పిల్లి రెండు రోజులుగా రాలేదని నేను చెప్పాను. మేమిద్దరం కలిసి వీధులన్నీ తిరిగాం. సెలవు మీద వెళ్ళిన ఒకరి ఇంటి స్టోర్ గది తలుపు వెనక నుంచి సన్నగా అరుపు వినపడింది. తాళం తీయించేసరికి అది నిలబడలేక పక్కకు ఒరిగింది. దాని నోట్లో చుక్క చుక్కగా నీళ్ళు వేస్తూ మస్తాన్ భాయ్ నా వైపు చూడకుండానే అన్నాడు, "ఇదీ లెక్కంటే." అప్పటి నుంచి పొద్దున హాజరు రాసేశాక దొరికే రెండు గంటల తీరికా నేను షెల్టర్‌లోనే గడిపాను.

రెండువేల ఐదు వేసవిలో ఒక శనివారం పొద్దున పదింటికి కరిచింది కుక్క. షెల్టర్ నీళ్ళ ట్యాంకు కింద పైపు కారుతుంటే ప్లంబింగ్ హెల్పర్ లచ్చన్న బాగుచెయ్యడానికి వచ్చాడు. లచ్చన్నది మా పక్క ఊరు, నా గదిలోనే పై మంచం. ట్యాంకు కింద నీడలో పదిహేడో నంబరు కుక్క పడుకుని ఉంది. మూడు రోజుల కిందటే ఏదో పడవ దిగి వస్తే, ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చిన గోధుమరంగు ఆడకుక్క. దానికింకా టీకా వెయ్యలేదు. లచ్చన్న చూడకుండా దాని తోక మీద మోకాలు వేశాడు. అది ఎడమ పిక్కలో నాలుగు పళ్ళు దించింది.

క్లినిక్‌లో లచ్చన్నకు సూది వేశారు, మిగతా సూదుల తేదీలు రాసిచ్చారు. క్యాంపు ముదీర్ మధ్యాహ్నం షెల్టర్‌కు వచ్చాడు. ఆ దీవిలో మా అందరి మీదా అధికారం ఆయనదే. కుక్కలంటే మొదటి నుంచీ పడదు. ఇరవై మూడు కుక్కల్నీ ఒకసారి కలయజూసి, పది వేళ్ళు చూపించాడు.

"దస్ దిన్. కుత్తా ఠీక్, సబ్ ఠీక్. బీమార్, మర్ గయా, భాగ్ గయా, తో సబ్ ఖలాస్."

పది రోజులు ఆ కుక్క ఆరోగ్యంగా ఉంటే షెల్టర్ ఉంటుంది. జబ్బు పడినా, చచ్చినా, తప్పించుకున్నా దీవిలో ఒక్క కుక్కను మిగల్చరు. పది రోజుల తర్వాత కూడా కుక్క బాగుంటే కరిచిననాడు దానికి రేబిస్ లేనట్టేనని డాక్టరు ఫోన్లో చెప్పాడు. మస్తాన్ భాయ్ పదిహేడును విడిగా బోనులో పెట్టి తాళం వేశాడు. నన్ను రోజువారీ కాగితం రాయమన్నాడు. తిన్నదా, నీళ్ళు తాగిందా, నడక ఎలా ఉంది. నేను గళ్ళు గీసి, శనివారం పక్కన 'ఒకటి' అని రాశాను.

లచ్చన్న సూదుల్ని నమ్మలేదు. చిన్నప్పుడు వాళ్ళ చిన్నాయన కుక్క కరిచి పోయాడు. నీళ్ళ చెంబు చూసి ఆయన వణికిపోవడం లచ్చన్న కళ్ళారా చూశాడు. నాలుగో రోజుకల్లా తనకూ గొంతు పట్టేస్తోందన్నాడు. అన్నం ముద్ద మింగలేకపోయాడు. నీళ్ళ సీసా నోటి దాకా తెచ్చుకుని దించేసేవాడు. గదిలోవాళ్ళు ఊరుకుంటారా. "నిద్దట్ల మొరిగినవట గదనే లచ్చన్నా!" అని ఒకడు, "మాకు దూరంగ పండుకో, మాకూ పెండ్లాం పిల్లలున్నరు" అని ఇంకొకడు. అతను నవ్వబోయి ఏడ్చేవాడు. రోజూ పని నుంచి వస్తూ షెల్టర్ కంచె పట్టుకుని నిలబడేవాడు.

"తాగిందా నర్సన్నా?"

"తాగింది."

"నువ్వు సూసినవా, మస్తాను సాబు జెప్పిండా?"

"నేనే సూసిన. నలభై మూడు గుటకలు."

అప్పుడు తన సీసా తీసి ఒక గుక్క తాగేవాడు. అందుకోసమే నేను గుటకలు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. మరుసటి రోజు ముప్పై ఎనిమిది, ఆ మరుసటి రోజు యాభై. కుక్క తాగినన్ని గుటకలకు ఈ మనిషి ఒక్క గుక్క.

కరిచాక వచ్చిన రెండో సోమవారం నా కాగితంలో పదో గడి నిండింది. పొద్దున్నే కుక్క తిని, తాగి, తోక ఊపింది. నేను 'పది పూర్తి' అని రాసి కాగితం చూపించగానే మస్తాన్ భాయ్ కింద సంతకం పెట్టాడు. దాణా బస్తాలు దించుకోవడానికి జెట్టీకి పోతూ, "తాళం తీసి అన్నింటితో కలిపెయ్ అబ్బయ్యా. పాపం, దానికీ కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి" అన్నాడు. ఎనిమిదిన్నరకు బోను తలుపు తీశాను. పదిహేడు ఆవరణంతా చుట్టూ పరిగెత్తింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర లచ్చన్నకు చెప్పాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి కంచం నిండా అన్నం పెట్టుకున్నాడు. లీటరు సీసా ఎత్తి గటగటా ఖాళీ చేసి, వెక్కిరించినవాళ్ళ ముందు బోర్లించి చూపించాడు.

రెండున్నరకు మస్తాన్ భాయ్ నా ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి గొణుగుతున్నాడు.

"కరిచిన రోజుకు ఏమని రాశావ్?"

"ఒకటి."

"డాక్టరు ఫోను జేసినాడు. ఇయ్యాల తొమ్మిదో రోజు గదా, ఎట్టుండాదని అడిగినాడు. కరిచిన రోజు సున్నా అంట."

"సున్నా రోజు ఎట్లుంటది భాయ్? శనివారం శనివారమే గదా?"

"మా ఇండ్లల్లోనూ నీ లెక్కే. మూడో దినం ఫాతెహా అంటే మనిషి పోయిన దినం కలుపుకొనే. నేనూ అట్టే అనుకున్నా, అందుకే చూడంగానే సంతకం పెట్టేశా." ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. "మనిద్దరికీ రోజులు లెక్కబెట్టడం చావులు నేర్పినయి నరసయ్యా. ఈడ లెక్కబెట్టాల్సింది బతికుండే దాన్ని."

నిజమే. మా ఇంట్లో పదకొండో రోజు అన్నా, పురిటి ఇరవై ఒకటో రోజు అన్నా మొదటి రోజును ఒకటి చేసే మొదలుపెడతాం. ఇంకో తీరు ఉందని నాకెప్పుడూ తట్టలేదు. రోజు గడిస్తేనే ఒకటి అవుతుందనీ, ఆ శనివారం పదింటి నుంచి ఈ సోమవారం ఎనిమిదిన్నరకు తొమ్మిది రోజులు కూడా నిండలేదనీ ఆ కిటికీ దగ్గర నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. షెల్టర్‌కు పరిగెత్తాం. ఆవరణలో ఉన్నవి ఇరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై రెండే. మురుగు కాలువ పక్కన కంచె కింద ఇసుక తవ్వి ఉంది.

ఆ ఎండలో ఒక్కో అడుగూ పెనం మీద వేసినట్టుంది. ఆయన ఇళ్ళ వైపు, నేను క్యాంపు వైపు వెతికాం. ఎవర్నీ అడగలేం, అడిగితే ముదీర్‌కు తెలుస్తుంది. చెత్త డబ్బాల వెనక, ఏసీ యంత్రాల నీడల్లో, వంటశాల వెనక గుమ్మం దగ్గర చూశాను. ఐదు కావస్తుండగా ఇద్దరం జెట్టీ దగ్గర కలిశాం. అక్కడ బోర్లించిన పాత పడవ కింద కనపడింది. పక్కకు పడిపోయి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. నేను వంగబోతే మస్తాన్ భాయ్ వెనక నుంచి నా చొక్కా పట్టి లాగాడు.

"దూరం! ముట్టుకోబాక."

తోలు చేతితొడుగులు వేసుకుని, ముందు నీళ్ళ గిన్నె జరిపాడు. కుక్క గిన్నె వైపు చూసి మొహం తిప్పుకుంది. నేను లెక్కపెట్టడానికి ఏమీ లేదు. ఎండ దెబ్బా, మరొకటా? ఆయన మొహం చూశాను. ఆయనకూ తెలియదు.

బోనులో పడుకోబెట్టి తాళం వేశాక నేను నా మాట చెప్పాను. "భాయ్, దొరికింది గదా. ఎవరూ చూడలే. రేపు పదింటికి ఎట్లాగూ పది రోజులు నిండుతయి. కాగితం నేను మళ్ళ రాస్త. గప్‌చుప్‌గ ఉందాం."

"ఎనిమిదిన్నర నుంచి ఐదింటి దాకా అది ఎవుర్ని కరిచిందో నీకు తెలుసునా?"

"తెల్వది."

"ఎవుర్ని నాకిందో?"

నేను బోను తాళం మరోసారి లాగి చూశాను.

"రేప్పొద్దున ఇది చస్తే, ఆ మనిషెవుడో మనకు తెలియాల. మైకులో చెప్తేగాని తెలియదు. మైకు ముదీర్ దగ్గర ఉండాది." తలపాగా తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "ముదీర్‌కు నేను చెప్తా. లచ్చన్నకు నువ్వు చెప్పు. యల్లా, నడువు."

నాకు ఆ రెండింటిలో ఏది తేలికో ఇప్పటికీ తేల్చుకోలేను. లచ్చన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఇంటికి ఫోన్ చేద్దామని బయల్దేరుతున్నాడు. చెప్పాను. ఒక రోజు తక్కువైందని, కుక్క బయటికి పోయిందని, ఇప్పుడు నీళ్ళు తాగడం లేదని. చివరిది దాచాలనిపించింది గానీ అతను అడిగే మొదటి మాట అదే అవుతుందని తెలుసు. అతను మంచం మీద కూలబడ్డాడు.

"రెండొందల మంది లెక్క తప్పనోనివి. నా ఒక్కని పానం లెక్క తప్పినవా అన్నా?"

ఆ మాటకు గదిలో ఎవరూ నవ్వలేదు. పొద్దున దాకా నిద్రలో మొరిగావని వెక్కిరించినవాడే వచ్చి లచ్చన్న పక్కన కూర్చున్నాడు.

అరగంటకు మైకులో ముదీర్ గొంతు వినపడింది. గోధుమరంగు కుక్కను ఆ రోజు ముట్టుకున్నవాళ్ళు వెంటనే క్లినిక్‌కు రావాలి. వంటశాలలో ఉల్లిపాయలు తరిగే ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం దానికి మాంసం ముక్క అరచేతిలో పెట్టి తినిపించాడట. అది చేతిని నాకింది. ఆ చేతికి కత్తి గాటు ఉంది. అప్పటికప్పుడే అతనికి సూది వేశారు. నేను క్లినిక్ గుమ్మం బయట నిలబడి, ఆ చేతికి చుట్టిన కట్టు చూస్తూ, గప్‌చుప్‌గా ఉందామన్న నా మాటను తలుచుకున్నాను. దానికి ఒక మనిషి ప్రాణం బరువు ఉండి ఉండవచ్చు.

మంగళవారం తెల్లవారి కుక్క లేచి గిన్నెలో మూతి పెట్టింది. లచ్చన్నా నేనూ కంచె బయట పక్కపక్కనే నిలబడ్డాం. ఇద్దరం పైకే లెక్కపెట్టాం. అరవై దాటాక అతను నా భుజం మీద తల ఆనించాడు. ఎండ దెబ్బే. పదింటికి పదో రోజు నిజంగా నిండింది. లచ్చన్న సంగతి అక్కడితో తీరింది గానీ, షెల్టర్ సంగతి తీరలేదు. ముదీర్ ఇంక మా కాగితాన్ని నమ్మనన్నాడు. పదిహేడు మిగతావాటితో కలిసి తిరిగింది కాబట్టి ఇరవై మూడింటినీ మళ్ళీ పది రోజులు చూడాలన్నాడు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. 'షెల్టర్ ఇన్‌ఛార్జి మస్తాన్ రోజులు తప్పు లెక్కపెట్టినందున' అని ఉంది అందులో.

నేను ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. షెల్టర్‌కు పోయి అడిగాను.

"లెక్క నాది గదా భాయ్. మీ పేరెందుకు చెప్పిన్రు?"

"సంతకం నాది. ఎవురు లెక్కేసినారని ఆయన అడగలా, నేను చెప్పలా."

"నేను పోయి చెప్త."

"నీ ఇష్టం," అన్నాడు. ఆపలేదు, పొమ్మనలేదు. ఆయన గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు.

ఆ నెలలోనే నా వీసా మళ్ళీ వెయ్యాలి. ముదీర్ ఒక్క గీత గీస్తే నేను ఇంటికి పోవాలి. మూడో రోజు ఆయన ఆఫీసు మెట్ల దాకా పోయాను. ఆరు మెట్లు. నాలుగు ఎక్కి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వచ్చాను. ఆరో రోజు మళ్ళీ పోయాను. గదిలో ఎవరో ఉన్నారని నాకు నేనే చెప్పుకున్నాను. మస్తాన్ భాయ్ ఆ పది రోజులూ నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, ఎప్పటిలాగే వెక్కిరించాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

పది రోజులూ నిండాయి, ఈసారి సున్నా నుంచి. ఇరవై మూడూ బతికే ఉన్నాయి. షెల్టర్ ఉంచుకోవచ్చుననీ, ఇన్‌ఛార్జి మాత్రం మారాలనీ ముదీర్ సంఘానికి రాశాడు. సంఘం ఆడవాళ్ళు ఉమ్ అల్ క్వైన్ దగ్గర ఒక గొర్రెల ఫారంలో మస్తాన్ భాయ్‌కి పని చూసిపెట్టారు. బోటు ఎక్కేముందు ఆయన నాకు బోనుల తాళాల గుత్తి ఇచ్చాడు.

"మెట్ల దాకా పోయి వచ్చావంట గదా," అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"పోనీలే. ఇద్దరం పోతే వీటికి నీళ్ళెవురు పోస్తారు? పదకొండోదానికి చెవిలో మందు మరిచిపోబాక."

ఆ మాట నన్ను క్షమించిందో, పని మాత్రమే అప్పజెప్పిందో నాకు తెలియలేదు. బోటు పోయిన నాలుగు రోజులకు ఆరు మెట్లూ ఎక్కి ముదీర్‌తో చెప్పాను, లెక్క నాదని. ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు. "ఖలాస్ హో గయా. యల్లా, కామ్ కరో," అన్నాడు. అప్పటికి నా వీసా కాగితాల మీద ఆయన సంతకం అయిపోయింది. అది నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

రెండువేల ఎనిమిదిలో నేను తిరిగివచ్చేదాకా, సంఘం పెట్టిన కొత్త మనిషితో కలిసి పొద్దునపూట ఆ గిన్నెలు నింపాను. మస్తాన్ భాయ్‌తో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. రెండోసారి, ముదీర్‌తో చెప్పానని చెప్పాను. "మంచి పని జేశావ్," అని, వెంటనే గొర్రెల గాలికుంటు రోగం సంగతి ఎత్తుకున్నాడు. ఎప్పుడు చెప్పావని ఆయన అడగలేదు. అడిగితే నేను నిజమే చెప్పేవాణ్ణేమో. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు.

ఇప్పుడు మార్కెట్‌లో నేను రాసే తూకం చీటీల మీద అచ్చువేసిన గడి ఒకటే ఉంటుంది, అధికారి సంతకానికి. దాని పైన ఖాళీలో నేను నా పేరు రాస్తాను, సంతకానికి పంపే ముందే. ఇదెందుకని కొత్తగా వచ్చిన అధికారి ఒకరు విసుక్కున్నారు. ఎక్కడన్నా తప్పు పోతే ముందు నన్ను పిలవడానికి సార్, అన్నాను. ఈ పనిలో చేరి పదిహేనేళ్ళు దాటింది, రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కాను.